ఒకే బంతిలో కూర్చున్న కంప్యూటర్లు

వరంగల్‌లో, హనుమకొండలో, ఆ మాటకొస్తే కాజీపేటలో కూడా కంప్యూటర్లన్నీ నా చేతిమీదుగానే ప్రాణం పోసుకున్నాయని చాలామందికి చెప్పాను. కాజీపేట దగ్గరికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గేది. అక్కడ నేను రైలెక్కడం, దిగడం తప్ప వేరే పని చేసిన గుర్తు లేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, అదే ల్యాబులో, దాదాపు అదే కుర్చీలో రిటైరయ్యాను. కుర్చీ ఒకసారి మార్చారు.

కొత్త కంప్యూటర్ ఒట్టి రేకు డబ్బా. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాకే దానికి మన మాట తెలుస్తుంది. ఒకదానికి ఎక్కించడం ఎవరైనా చేస్తారు, ల్యాబు నిండా ఉన్నవాటికి ఎక్కించడమే అసలు పని. మొదట్లో ఫ్లాపీలు పెట్టెల్లో వచ్చేవి. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటూ పోతే, సరిగ్గా చివరి ఫ్లాపీ దగ్గర కంప్యూటర్ మొండికేసేది. తర్వాత సీడీ వచ్చింది. గుళ్లో పూజారి వరసగా నిలబడ్డవాళ్ల చేతుల్లో తీర్థం పోసుకుంటూ పోయినట్టు, ఒకే సీడీ పట్టుకుని ల్యాబంతా తిరిగేవాణ్ణి. పెన్‌డ్రైవ్ వచ్చాక కూడా అదే తీర్థం, కాకపోతే ఉద్ధరిణె చిన్నదైంది.

అన్నిటికన్నా గొప్పది నెట్‌వర్క్ పద్ధతి. ముందు ఒక కంప్యూటర్‌ను నిండుగా తయారుచేస్తారు. దాన్ని మాస్టర్ అంటారు. దాని అచ్చు తీసి, వైర్ల గుండా మిగతావాటన్నిటికీ ఒక్కసారే పంపుతారు. పెళ్లిలో బంతి భోజనం ఎలాగో ఇదీ అలాగే. అందరూ కూర్చున్నాకే వడ్డన మొదలవుతుంది. పప్పు అందరి విస్తళ్లలో పడ్డాకే కూర వస్తుంది. ఆఖరివాడు తినేదాకా బంతి లేవదు. ఈ పద్ధతిలో మా కాలేజీ మొత్తాన్ని ఒక్క పూటలో లేపి నిలబెట్టానని నేను చెప్పే కథ హనుమకొండ సుబేదారిలో చాయ్ తాగే ప్రతివాడికీ తెలుసు.

ఆ కథ విన్నవాళ్లలో నా స్నేహితుడి కూతురు కూడా ఉంది. స్నేహితుడు మా ల్యాబులోనే నెట్‌వర్క్ పని చూసేవాడు. రిటైరయ్యాక సుబేదారిలో ఒక మడిగె, అంటే దుకాణం గది, అద్దెకు తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఆయన పోయాక కూతురే నడుపుతోంది. నన్ను చాచా అని పిలుస్తుంది. నేను బిడ్డా అంటాను. టైపింగ్ నేర్పడం, అప్లికేషన్లు నింపడం ఉన్నా, సెంటర్ నిలబడేది ఆన్‌లైన్ పరీక్షలమీద. హైదరాబాద్‌లోని ఒక కంపెనీ ఆమె గదిని పరీక్షా కేంద్రంగా వాడుకుంటుంది.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"చాచా, జర రాండ్రి. పాత సిస్టమ్ నడవదంటాండ్రు కంపెనీవాళ్లు. అన్నిట్ల కొత్తది ఎక్కియ్యాలె, దాంట్ల వాళ్ల పరీక్ష సాఫ్ట్‌వేర్ ఉండాలె. మధ్యాహ్నం చూసిపోతందుకు వాళ్ల ఇన్‌స్పెక్టర్ అస్తాండు."

"మధ్యాహ్నమా? నిన్నెందుకు చెప్పలేదు?"

"వాళ్లే నాకు రాత్రి చెప్పిండ్రు. ఇయ్యాల సెంటర్ల లిస్టుల నుంచి తీసేస్తే అయిపోయినట్టే చాచా. పరీక్షలు లేకపోతే మడిగె ఖాళీ చేసుడే. అబ్బాజాన్ బోర్డు దింపుడే."

ఆ బోర్డు నేనూ ఆయనా కలిసి ఎక్కించిందే. నిచ్చెన ఎక్కింది ఆయన, కింద పట్టుకున్నది నేను. నేనే ఎక్కానని మా ఇంట్లో చెప్పాను.

నేను వెళ్లేసరికి ఆమె చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. "ఒక్కొక్కటి చేసుకుంట పోదామా చాచా? ఇద్దరం చెరో వరస పడితే అందుతదేమో."

ఆ మాట వినివుంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. "పెన్‌డ్రైవా? బిడ్డా, కాలేజీ మొత్తం ఒక్క పూటల చేసినోన్ని. ఈ గది నాకెంత? చాయ్ చల్లారేలోపల అయిపోతది," అన్నాను. చాయ్ ఇంకా రాలేదు కాబట్టి అలా అనడం సులువైంది.

మాస్టర్‌ను తయారుచేయడం ఆమే చేసింది. కొత్త సిస్టమ్ ఎక్కించింది, పరీక్ష సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది మామూలు సాఫ్ట్‌వేర్ కాదు. కంప్యూటర్ తెరవగానే తెర నిండా అదే వచ్చి కూర్చుంటుంది, హాల్ టికెట్ నంబర్ కొట్టందే ఇంకేదీ చూడనివ్వదు. పిల్లలు కాపీ కొట్టకుండా ఆ ఏర్పాటు. నేను వెనక కుర్చీలో కూర్చుని "ఆఁ, గంతే, గంతే" అన్నాను.

అచ్చు తీయడం అవుతుండగా పక్క దుకాణం ఆయన వచ్చాడు. ఆయనది పెళ్లి కార్డుల దుకాణం. రెండు దుకాణాల నడుమ ఒకటే గోడ, ఆ గోడకో కంత. కంతలోంచి రెండు వైర్లు పోతాయి. ఆయన ఇన్వర్టర్ కరెంటు ఇటు వస్తుంది, ఈమె ఇంటర్నెట్ అటు పోతుంది. సెంటర్‌లోని యూపీఎస్ పిల్లల కంప్యూటర్లకే సరిపోతుంది. కరెంటు పోతే మాస్టర్, నెట్‌వర్క్ డబ్బా, నెత్తిమీది ఫ్యాను ఆయన ఇన్వర్టర్‌మీదే నడుస్తాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మా స్నేహితుడి కాలంనుంచి ఉంది.

"అన్నిటికీ కొత్తది ఎక్కిస్తాండ్రట గద సార్," అన్నాడాయన. "మాది కూడా మస్తు సతాయిస్తాంది. వైరు ఎట్లాగూ ఇటే ఉన్నది. వాటితోని పాటే అదీ అయిపోతది కాదు?"

ఆమె నావైపు చూసింది. నేను ఆమెవైపు చూశాను. కాదనాల్సింది ఎవరో ఇద్దరికీ తెలియలేదు.

"కాకా, లోపల ఉన్నయన్నీ పోతయి మరి," అంది ఆమె.

"డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌ల ఏసుకున్న బిడ్డా, నువ్వే గద పోయిన నెలల ఏసిచ్చినవ్. అచ్చు అంటాండ్రు గద, మా తీర్గనే అన్నట్టు. ఒక కార్డు తయారుచేసి వెయ్యి కొట్టుడు. పేర్లు మార్చుతరు గద సార్, ఏదాని పేరు దానికి?"

"మార్చకుంట ఎట్ల తమ్మీ," అన్నాను. ఎలా మారుస్తారో నాకు తెలియదు. ఆ మాట అడిగినందుకు ఆయనమీద గౌరవం కలిగి అలా అనేశాను.

ఆ విధంగా గోడ అవతలి కంప్యూటర్ కూడా బంతిలో కూర్చుంది.

ఒక్కో కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఎఫ్ పన్నెండు మీట నొక్కుతూ వచ్చాం. అలా నొక్కితే అది తన పాత సిస్టమ్ తెరవకుండా, వైరులోంచి ఏమొస్తుందా అని ఎదురుచూస్తుంది. వరసగా అన్ని తెరలమీద నల్లటి నేలపై తెల్ల అక్షరాలు వచ్చాయి. పక్క దుకాణంలోంచి "ఇక్కడ కూడా నల్లగైంది" అని కేక వినిపించింది. అందరూ వచ్చినట్టు మాస్టర్ చూపించింది.

"మీరే నొక్కుండ్రి చాచా. బోణీ మీ చేత్తోనే," అంది.

నొక్కాను. అన్ని తెరలమీదా ఒకేసారి నీలం గీత మొదలైంది. కళ్లకు పండగలా ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి, మా ఇంటావిడకు పంపాను. కింద "నేనే" అని రాశాను.

చాయ్ వచ్చింది. చల్లారింది. గీత కదిలిందో లేదో పోల్చుకోవడానికి తెరమీద వేలి గోరుతో గుర్తు పెట్టాను. చాలాసేపటికి చూస్తే గీత ఇంకా గోరు గుర్తు లోపలే ఉంది.

"గింత మెల్లగ పోతదా చాచా ఇది?"

"మొదట్ల గట్లనే ఉంటది. తర్వాత ఉరుకుతది," అన్నాను. ఎక్కడ విన్నానో తెలియదు. ఆటో ఇంజను గురించి విన్న మాట కావచ్చు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. బండి జనగామ దాటిందట. ఆమె ఫోన్ పెట్టేసి గీతవైపు చూసింది. ఆ క్షణం నుంచి మా ఇద్దరికీ రెండు బండ్లు. ఒకటి పట్టాలమీద వస్తోంది, ఇంకొకటి తెరమీద రావడం లేదు.

తప్పు ఎక్కడుందో కనిపెట్టింది ఆమే. నెట్‌వర్క్ డబ్బా ముందు గొంతుక్కూర్చుని లైట్లు చూసింది. ప్రతి వైరుకూ ఒక చిన్న లైటు ఉంటుంది. అన్నీ పచ్చగా, గబగబా కొట్టుకుంటున్నాయి, ఒక్కటి తప్ప. అది పసుపు రంగులో, ఆలోచించి ఆలోచించి వెలుగుతోంది. ఆ వైరును వేలితో పట్టుకుని పోతే కంత దగ్గరికి వెళ్లింది.

"కాకాది చాచా. పాత మిషన్, పాత వైరు. అది ఎంత మింగితే అందరికీ గంతే పెడతాంది."

బంతి సంగతి మర్చిపోయాను. ఒక్క విస్తరి దగ్గర ఆలస్యమైతే వడ్డించేవాడు అక్కడే గరిటె పట్టుకుని నిలబడతాడు. పళ్లులేని ముసలాయన ఒకడు కూర్చుంటే బంతంతా ఆయన నోరు చూస్తూ కూర్చోవాలి.

వైరు పీకేస్తే అరక్షణం పని. మిగతావన్నీ ఉరుకుతాయి. కానీ ఆయన కంప్యూటర్‌లో పాతది అప్పటికే తుడిచిపెట్టుకుపోయింది, కొత్తది సగం కూడా పడలేదు. రేకు డబ్బా అవుతుంది. పెళ్లిళ్ల కాలం, దుకాణంలో కార్డులకోసం వచ్చినవాళ్లు కూర్చుని ఉన్నారు.

"సాయంత్రం పెన్‌డ్రైవ్‌తోని చేసిస్త అని చెప్పి అస్త చాచా. కాకా ఏమనడు," అని లేచి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో ప్లేటు, ప్లేటులో సమోసాలు.

"చెప్పినవా?"

"లేదు. నేను నోరు తెరిచేలోపలనే చేతుల పెట్టిండు. పొద్దుటిసంది ఏం తినలేదు బిడ్డా నువ్వు అన్నడు. ఎట్ల చెప్తరు చాచా?"

"నువ్వు జర కూసో. ఇసొంటి పనులు పెద్దోళ్లే చెయ్యాలె," అని నేను లేచాను. ఇద్దరు ప్రిన్సిపాళ్లతో ముఖంమీద మాట్లాడినవాణ్ణి. ఒక ప్రిన్సిపాల్‌తో సెలవు గురించి, ఇంకొకాయనతో కూడా సెలవు గురించే.

పక్క దుకాణంలో ఆయన ఒక పెళ్లివారికి కార్డు నమూనాలు చూపిస్తున్నాడు. నన్ను చూసి లేచి స్టూలు తుడిచాడు. పెళ్లివారితో "కాలేజీ సార్. మన మిషన్ కూడా సారే చేస్తాండు," అన్నాడు. తెరమీది నీలం గీతను వాళ్లకు గర్వంగా చూపించాడు. అప్పుడే కరెంటు పోయింది. గోడమీది ఇన్వర్టర్ కీచుమని అందుకుంది. అంటే ఇప్పుడు మా మాస్టర్, మా నెట్‌వర్క్ డబ్బా ఆయన కరెంటుమీద నడుస్తున్నాయి.

"ఎంతదాక అచ్చింది సార్?"

"మంచిగ అస్తాంది. మిషన్ పాతదైనా గట్టి పిండం తమ్మీ," అన్నాను. ఇంటికి వచ్చిన చుట్టంలా కాసేపు కూర్చుని వచ్చేశాను.

ఆమె అడగలేదు. నా ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు.

తర్వాత ఇద్దరం చేసింది చూడటమే. ఆమె వంగి పసుపు లైటును చూసేది, నేను గీతను చూసేవాణ్ణి. మధ్యలో ఆమె చెయ్యి రెండుసార్లు ఆ వైరుదాకా వెళ్లి, దుమ్ము తుడిచినట్టు తుడిచి వెనక్కి వచ్చింది. కాజీపేటలో దిగానని ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. గీత సగం దాటింది.

"బిడ్డా," అన్నాను. "కాలేజీల నేను చేసిన్నని చెప్తుంటి చూడు, అది..."

"ఎరుకే చాచా."

"ఏం ఎరుక?"

"చేసింది అబ్బాజాన్. మీరు చాయ్ తెచ్చిండ్రు. తలుపుకాడ నిలబడి పోరగాండ్లు లోపలికి రాకుండ చూసిండ్రు. ఇంట్ల ఎన్నిసార్లు చెప్పి నవ్విండో."

"మరి నన్నెందుకు పిలిచినవ్?"

గీతవైపే చూస్తూ చెప్పింది. "అబ్బాజాన్ చేస్తాంటే చూసినోళ్లు మీరొక్కలే ఉన్నరు గద. ఎట్ల చేసిండో యాదికి ఉంటదేమో అనుకున్న."

యాదికి ఉన్నది చాలా తక్కువ. ఆయన మొదలుపెట్టేముందు ల్యాబంతా ఒకసారి తిరిగి, కొన్ని పాత కంప్యూటర్ల వైర్లు పీకేసి పక్కన పెట్టాడు. "వీటికి తర్వాత వేరే దస్తర్‌ఖాన్ పరుద్దాం," అన్నాడు. దస్తర్‌ఖాన్ అంటే వాళ్లింట్లో అందరూ చుట్టూ కూర్చుని తినడానికి పరిచే గుడ్డ. జోకనుకుని నవ్వాను. ఎందుకు పీకుతున్నావని ఆ రోజు అడగలేదు, చాయ్‌లో చక్కెర ఎంత అని అడిగాను. ఈ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె తల ఊపింది. ఇప్పుడు తెలిసి ఏం లాభం అని మాత్రం అనలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆటో దిగాడు. కఠినంగా ఉంటాడేమో, నాలుగు మాటలు వదిలి బెదరగొడదామని సిద్ధమై ఉన్నాను. బ్యాగు మోయలేక వంగిపోయిన సన్నటి అబ్బాయి. చెమటలు కక్కుతూ "నమస్తే అంకుల్, మంచినీళ్లుంటే జర ఇస్తరా," అన్నాడు. నీళ్లు తాగి, తెరలన్నీ చూశాడు.

"ఎంత టైం పడ్తది మేడమ్?"

"దగ్గరకచ్చింది సార్. కొంచెమే ఉన్నది. జర కూసుండ్రి."

కూర్చున్నాడు. పాపం, ఆయన కూడా గీతనే చూశాడు. ముగ్గురం ఒక వరసలో కుర్చీలు వేసుకుని టీవీ చూసినట్టు చూశాం. మధ్యలో కార్డుల దుకాణం ఆయన తొంగిచూసి, కొత్త మనిషి కనబడగానే ఇంకో చాయ్ పంపాడు. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. ఖమ్మంలో ఇంకో సెంటర్ చూడాలట, మళ్లీ బండి అందుకోవాలట.

"రెడీ అని రాసుకోండి బాబూ. మీరు ఖమ్మం చేరేలోపల అయిపోతది. నాది గ్యారంటీ," అన్నాను.

ఫోన్ తిప్పి నాకు చూపించాడు. "రాయడానికి లేదంకుల్. రెడీ ఉన్నదా, లేదా, రెండే ఉన్నయి ఇందుల. ఉన్నదంటే ప్రతి తెర ఫొటో పెట్టాలె, హాల్ టికెట్ పేజీతోని. నా చేతుల ఏం లేదు."

"మళ్ల ఒక్కసారి రారా సార్?" అని ఆమె అడిగింది.

"నేను రాను మేడమ్. కంపెనీ పంపితేనే అస్త. ఈ ఏడాది లిస్టు ఇయ్యాలటితోని బంద్."

కూర్చునే "లేదు" మీద నొక్కాడు. నొక్కేముందు ఆమెవైపు చూసి, తలదించుకుని నొక్కాడు. చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు తానే బయట పెట్టి, అదే ఆటోలో వెళ్లిపోయాడు.

ఆటో సందు తిరిగిన కాసేపటికి గీత చివరికి తగిలింది. అన్ని కంప్యూటర్లూ ఒక్కసారే నల్లబడి, ఒక్కసారే మళ్లీ వెలిగాయి. బంతి లేచింది. ప్రతి తెరమీదా తెల్లటి పేజీ, నడుమ ఒక ఖాళీ గడి, దాని పైన "మీ హాల్ టికెట్ నంబర్ నమోదు చేయండి" అని. ఒక్కటీ తప్పు పోలేదు. నా జీవితంలో నా చేతిమీద అంత బాగా జరిగిన పని ఇంకొకటి లేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

ఆమె ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేసింది. అయిపోయిందని చెప్పింది. అటునుంచి ఏదో విని, "సరే సార్" అని పెట్టేసింది. లేచి వెళ్లి గుమ్మంలో నిలబడి బోర్డువైపు చూసింది. నేను చాయ్ గ్లాసులు ఏరి ఒకచోట పెట్టాను.

అప్పుడు కార్డుల దుకాణం ఆయన వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తప్పు చేసిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"బిడ్డా, మిషనైతే మస్తు స్పీడ్ అయింది గని, అది నన్ను హాల్ టికెట్ నంబర్ అడుగుతాంది. ఏం కొట్టినా పోతలేదు. పెళ్లోళ్లు కూసున్నరు. నేను పరీక్షేమన్న రాయాల్నా?"

ఆమె ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూర్చుండిపోయింది, కళ్లు తుడుచుకుంది. ఎందుకు తుడుచుకుందో విడదీసి చెప్పడం నావల్ల కాదు. ఆయనకు ఏమీ అర్థంకాక తనూ కొంచెం నవ్వాడు. మా లిస్టు సంగతి, పసుపు లైటు సంగతి ఆయనకు ఈ రోజుకీ తెలియదు.

"ఏం లేదు కాకా. పెన్‌డ్రైవ్ తీస్కొని నేనే అస్త. నీ ఒక్కదానికి వేరేగ చేద్దాం," అని ఆమె లేచింది. పొద్దున పక్కన పడేసిన పెన్‌డ్రైవ్‌ను టేబుల్‌మీది కాగితాల కింద వెతుక్కుంది.

"సార్‌ను కూడా తీస్కరా బిడ్డా," అన్నాడాయన నావైపు చూపిస్తూ. "సార్ చెయ్యి మంచిది."

వాళ్లిద్దరూ పక్క దుకాణానికి వెళ్లారు. నేను గదిలోనే ఉండిపోయాను. ఎవరూ రాని పరీక్షకు అన్ని తెరలూ నంబర్ అడుగుతూ వరసగా కూర్చున్నాయి. ఒక్కొక్కటీ ఆపుకుంటూ రావడానికి చాలాసేపు పట్టింది. ఈ పని మాత్రం అన్నిటికీ ఒకేసారి చేసే పద్ధతి ఏదైనా ఉంటే నాకు తెలియదు.